గుంపుకి మొలిచిన తోకలు

ఆ ఫోటోలో తన కంటికి దొరకని నక్షత్రం ఒక్కటున్నా సరే, గుండు గీయించుకుని, ఆ గుండు మీద ఆఫీసు చిరునామా రాయించుకుని తిరుగుతానని బడాయి అందరి ముందూ చెప్పింది. నక్షత్రాలని వెతికిపెట్టే ప్రోగ్రాములు కళ్ళు సరిగ్గా లేనివాళ్ళ కోసమట. తన చూపు అలాంటిలాంటిది కాదట. చిన్నప్పుడు ఎదురింటి మేడ మీద చీమ తుమ్మితే, జలుబుతో తుమ్మిందో దుమ్ముకి తుమ్మిందో తన గుమ్మంలో నిలబడి చెప్పేదట.

ఇదంతా మొహంలో ఒక్క గీత కదలకుండా చెప్పింది. ఆమెతో వచ్చిన చిక్కే అది. నవ్వుతూ చెబితే అబద్ధమని పక్కన పెట్టొచ్చు. ఈ పిల్ల బస్సు టైము చెప్పినా, చీమ తుమ్ము గురించి చెప్పినా ఒకటే మొహం. పరిశోధనకని చేరిన వారానికే ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. బడాయి అంటేనే పలికేది.

వాళ్ళ టెలిస్కోపు ఎక్కడో దూరాన కొండ మీద ఉంది. అది తీసిన ఫోటోలు ఈ భవనానికి వస్తాయి. మూడో అంతస్తులో ఒక పొడుగాటి గది, అందులో గోడవారగా బల్లలు, బల్లల మీద కంప్యూటర్లు, సైకిళ్ళ షెడ్డు వైపు తెరుచుకునే ఒక కిటికీ. నక్షత్రాల మీద పని చేసేవాళ్ళు పొద్దున్నే వచ్చి సాయంత్రం ఇంటికి పోతారని బడాయి వాళ్ళ వీధిలో ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. రాత్రి డ్యూటీ లేదంటే ఉద్యోగమే లేదనుకునేవాళ్ళు.

ఆమె చేత పరిశోధన చేయించే సార్ చెవిన కూడా ఆ సవాలు పడింది. ఆయన మీసం గురించి ఇక్కడే ఒక మాట చెప్పుకోవాలి. అది ముక్కు కింద బయలుదేరి, రెండు చెంపలూ కొలిచి, చివర్న రెండు పక్కలా పైకి లేచి ఆగుతుంది. ఆయన ఏ గదిలోకి వచ్చినా ముందు మీసం వస్తుంది, కాసేపటికి ఆయన వస్తారు. ఆయన చేరాకే భవనంలో తలుపులు వెడల్పు చేయించారని ఒక పుకారు ఉంది. పుట్టించింది బడాయే.

ఆయన ఒక నక్షత్రాల గుంపు ఫోటో తెరిచి, ఆమెని కూర్చోబెట్టి, "కనిపించినదానికల్లా సున్నా చుట్టు" అని వెళ్ళిపోయారు. బడాయి చొక్కా చేతులు మడిచి పొద్దున్నంతా సున్నాలు చుట్టింది. టీ వేళకి లేచి ఒళ్ళు విరుచుకుని, "అయిపోయింది. ఇంకా కావాలంటే ఆకాశమే కొత్తవి కనాలి" అంది.

సార్ వచ్చి ఒక మీట నొక్కారు. తెర మీద ఆమె సున్నాల మధ్య ఎర్ర చుక్కలు పొడుచుకొచ్చాయి. ముందు రోజే ఆయన ఆ ఫోటోలో తన చేత్తో కొన్ని దొంగ నక్షత్రాలు చల్లి ఉంచారు. ఎక్కడెక్కడ చల్లారో చూపించేవే ఆ ఎర్ర చుక్కలు. గుంపు అంచుల్లో ఉన్నవాటిని బడాయి దాదాపు అన్నీ పట్టుకుంది. నడుమకి వచ్చేసరికి పెద్ద పెద్ద నక్షత్రాలు భగభగ వెలుగుతున్నాయి. వాటి వెలుగులో చిన్న చుక్కలు, పెళ్ళిలో పిలవని చుట్టాల్లా, ఉన్నా ఎవరి కంటా పడలేదు. అక్కడ ఆమెకి దొరికినవి ఒక చేతి వేళ్ళకి సరిపోతాయి.

"గుండు ఎప్పుడమ్మా?" అన్నాడు కంప్యూటర్ల బాబాయ్. ఆ భవనంలో యంత్రాలన్నీ చూసుకునే పెద్దమనిషి. సార్‌తో సహా అందరికీ బాబాయే.

"తొందరపడితే ఎలా బాబాయ్. జుట్టుకి ముందు నోటీసు ఇవ్వాలి."

"నీ జుట్టుతో నాకేం పని" అన్నారు సార్. "నీ కన్ను చేసిన తప్పే ప్రోగ్రామూ చేస్తుంది. ఈ గుంపులో బరువైన నక్షత్రాలు నడుమ ఉన్నాయి, తేలికవి అంచున ఉన్నాయి అని అక్క రాస్తోంది. ఎవడో లేచి, నడుమ కూడా తేలికవి ఉన్నాయి, పెద్దవాటి వెలుగులో మీకు కనపడలేదంతే అంటాడు. అప్పుడేం చెప్తాం?"

బడాయి ఆలోచించింది. "దొంగవి చల్లుతాం. ప్రోగ్రాముకి ఎన్ని దొరికాయో చూస్తాం. నడుమ సగమే దొరికితే, అసలువి కూడా సగమే దొరికాయని లెక్క సరిచేస్తాం."

"ఇవాళ్టి నుంచి ఆ పని నీది. ఒక్కటే నియమం. దొంగవి చల్లిన ఫోటో పేరు ముందు దొంగ అని రాసి దాచాలి. మర్చిపోతే గుండు నేనే గీస్తా."

అక్క అంటే ఆ గదిలో అందరికంటే సీనియర్ విద్యార్థిని. గోడ వైపు తిరిగి కూర్చునేది. మాటకింత అని మీటరు తిరుగుతుందేమో అన్నట్టు మాట్లాడేది. ఏళ్ళ తరబడి ఆ ఒక్క గుంపునే పట్టుకుని, అందులో ఏ బరువు నక్షత్రం ఎంత దూరాన ఉందో కొలుచుకుంటూ వచ్చింది. స్కాలర్‌షిప్పు ఆ నెలతో ఆఖరు. వేరే అబ్జర్వేటరీ వాళ్ళు ఒక ఉద్యోగానికి ఇంటర్వ్యూకి పిలిచారు. తన పని గురించి ఒక సారాంశం ముందే పంపాలి, తర్వాత వాళ్ళ ముందు మాట్లాడాలి. ఆ ఉద్యోగం రాకపోతే వాళ్ళ అన్నయ్య టైర్ల కొట్లో కూర్చోవాలి. అన్నయ్య ఇప్పటికే కుర్చీ కొన్నాడు.

"ఏం కనిపెట్టావమ్మా అంటే ఏం చెప్పను" అంది అక్క ఒకరోజు టీ తాగుతూ. "బరువైనవి లోపల, తేలికవి బయట. అందరూ అనుకుంటున్నదే. నేను వెళ్ళి, అవునండీ, మీరనుకుంటున్నదే నిజం అని చెప్పి రావాలి."

"నిజం చెప్పడానికి జీతం ఇస్తామంటున్నారు కదక్కా. నాకైతే ఎవరూ ఇవ్వరు."

అక్క నవ్వింది. అక్క నవ్వితే బడాయికి ఏదో సాధించినట్టు ఉండేది.

అసలు అలా ఎందుకు సర్దుకుంటాయో బడాయికి పుస్తకం చదివితే ఎక్కలేదు, ఇంటికెళ్తే ఎక్కింది. గుంపులో నక్షత్రాలు ఊరికే కూర్చోవు. తిరుగుతూ ఉంటాయి, ఒకదాని పక్క నుంచి ఒకటి పోతూ ఉంటాయి. పోయినప్పుడల్లా బరువైనది తన వేగంలో కొంత తేలికదానికి అంటగడుతుంది. ఇచ్చుకున్నది నెమ్మదించి నడుమకి దిగుతుంది, పుచ్చుకున్నది అంచుకి ఎగిరిపోతుంది. కోట్ల ఏళ్ళు ఇదే వరస.

వాళ్ళింట్లో హాలు నడుమ పడక్కుర్చీలో నాయనమ్మ ఉంటుంది. ఏ గదిలోంచి ఏ గదిలోకి పోవాలన్నా ఆవిడ పక్క నుంచే పోవాలి. పోతే ఏదో ఒకటి తగిలిస్తుంది. "ఎవరే అది, ఆ కిటికీ వెయ్యి." "ఒరే, మీ నాన్నకి ఫోన్ చేసి గొడుగు ఎక్కడ పారేశాడో అడుగు." బడాయి అన్నయ్య పిల్లలిద్దరూ ఆవిడ దగ్గరికి నడుచుకుంటూ వచ్చి పరిగెత్తుకుంటూ పోయేవాళ్ళు. ఒక్కొక్కణ్ణి పంపినప్పుడల్లా ఆవిడ కుర్చీలోకి ఇంకో వేలెడు దిగేది. ఇలాగే సాగితే ఎప్పుడో కింది వాటా వాళ్ళ హాల్లో తేలుతుందని బడాయి అంచనా.

"నాయనమ్మా, నువ్వు నక్షత్రానివి. ఇంటికి నడుమ నువ్వుంటావు, మేమందరం నీ వల్ల అంచులకి పోతాం."

"పొగిడింది చాలు. ఆరేసిన బట్టలు తీసుకురా."

తీసుకొస్తూ బడాయి ఇంకో సంగతి కూడా ఆలోచించింది. అంచుకి పోయినవన్నీ అంచునే ఉండిపోవు. మరీ తేలికవి, ఒకటికి రెండు దెబ్బలు తగిలినవి, గుంపునే వదిలి పోతాయి. మళ్ళీ రావు. పోయిందని గుంపుకి తెలుస్తుందా? ఆ గదిలో అందరికంటే తేలిక తనే. పేరున ఒక్క పరిశోధన వ్యాసం కూడా అచ్చు కాలేదు. వాళ్ళు తనని ఉంచుకున్నది నవ్విస్తుందని తప్ప ఎందుకో ఆమెకి సరిగ్గా తెలియదు. అందుకని ఇంకాస్త నవ్వించేది.

దొంగ నక్షత్రాలు చల్లే పని మొదట్లో బాగానే ఉంది. వారం తిరిగేసరికి విసుగు పుట్టింది. ప్రోగ్రాము ఎక్కడ పడితే అక్కడ, విత్తనాలు జల్లినట్టు, చల్లుతుంది. చల్లిన చోట ఎన్ని దొరికాయో చెబుతుంది. మళ్ళీ చల్లాలి. సార్ ఏదో సభకని ఊరెళ్ళారు. ఒక మధ్యాహ్నం ఫ్యాను కూడా నిద్రపోతూ తిరుగుతుంటే, బడాయి ప్రోగ్రాముని పక్కకి జరగమని, చేత్తో చల్లడం మొదలుపెట్టింది. గుంపుకి కుడివైపు కొన్ని, ఎడమవైపు కొన్ని. ఒక వంపు. ఇంకో వంపు. చివర్లు రెండూ పైకి.

సార్ మీసం.

దొంగపనిలో ఆమె చూపించిన శ్రద్ధ అసలు పనిలో చూపించి ఉంటే ఈపాటికి ఆమె పేరు మీద ఒక గ్రహం ఉండేది. నక్షత్రాలు మరీ వెలిగితే సార్ చూడగానే పట్టేస్తారని, కంటికి ఆననంత మసకగా పెట్టింది. ఎర్ర వెలుగులో తీసిన ఫోటోలోనూ నీలి వెలుగులో తీసిన ఫోటోలోనూ ఒకే చోట పెట్టింది. లేకపోతే ప్రోగ్రాము ఇవి నక్షత్రాలే కావని తీసి అవతల పారేస్తుంది. తేలిక నక్షత్రాలకి ఉండాల్సిన రంగే అద్దింది. వరస మరీ తిన్నగా ఉంటే అనుమానమని అక్కడక్కడా వెంట్రుకలు చెదిరినట్టు చెదరగొట్టింది. పైగా సార్ అసలు ఫోటో అనుకుని తెరవాలి కదా. అందుకని పేరు ముందు దొంగ అని రాయలేదు.

సార్ సోమవారం వస్తారు, తెరుస్తారు, తేలికవాటిని మాత్రమే చూపించమని ప్రోగ్రాముని అడుగుతారు, తన మీసం తనని చూసి పలకరిస్తుంది. అదీ ఆమె పథకం. అక్క తన లెక్కలన్నీ ఆఖరిసారి తిరగేసుకోవడానికి ఆ వారమే కంప్యూటర్లో అదే అరలోంచి, కొత్తగా వచ్చిన ఆ ఫోటోనే తీసుకుంటుందన్నది ఆమె పథకంలో లేదు.

శుక్రవారం పొద్దున బడాయి వచ్చేసరికి గదిలో అందరి బల్లల మీదా బిస్కెట్ పొట్లాలు ఉన్నాయి. అక్క కిటికీ దగ్గర నిలబడి సైకిళ్ళ వంక చూస్తోంది. అక్క గోడ వైపు కాకుండా ఇంకో వైపు చూడటం బడాయి అంతకుముందు ఎరగదు.

"ఇలా రా. ఒకటి చూపిస్తా. బాబాయ్, మీరూ రండి."

తెర మీద గుంపు. బరువైనవాటిని తీసేసి తేలికవాటిని మాత్రం ఉంచింది అక్క. అంచుల్లో పలచగా పరుచుకున్న చుక్కల మధ్య నుంచి, ఇటొకటి అటొకటి, రెండు సన్నటి పాయలు బయటికి సాగి ఉన్నాయి.

"తోకలు" అంది అక్క. "బాబాయ్, తేలికవి అంచుకి వస్తాయి కదా, అక్కణ్ణుంచి గెలాక్సీ వాటిని లాగేసుకుంటుంది. పోయేవి రెండు పక్కలా వరసకట్టి పోతాయి. ఈ గుంపుకి తోకలున్నాయని ఇంతదాకా ఎవరూ చెప్పలేదు. ఇన్నాళ్ళూ బయట తేలికవి ఉన్నాయని మాత్రమే చెప్తున్నా. అవి ఎటు పోతున్నాయో ఇప్పుడు కనపడుతోంది. గుంపు కరిగిపోతోంది, మనం చూస్తుండగానే."

"పాపం" అన్నాడు బాబాయ్, తెర వంక చూస్తూ. ఆయన ఏ యంత్రం చెడినా అదే మాట అనేవాడు.

బడాయి నోట్లో బిస్కెట్టు అలాగే ఉండిపోయింది. మింగడానికి, ఉమ్మడానికి మధ్య దానికి ఏ దారీ దొరకలేదు.

బాబాయ్ వెళ్ళిపోయాక ఆమె అక్క కుర్చీ పక్కన నిలబడింది. "ఇంకో రాత్రి తీసిన ఫోటోతో సరిచూశావా అక్కా?"

"మసక చుక్కలు కూడా పడేలా ఇంత లోతుగా తీసింది ఇదొక్కటే కదే. మళ్ళీ టెలిస్కోపు మన వంతుకి రావాలంటే వచ్చే సీజనే. సోమవారం పొద్దున సారాంశం పంపాలి." అక్క తెర మీద ఒక పాయని వేలితో నిమిరింది. "ఇది రాస్తే నన్ను తీసుకుంటారు. నాకు తెలుసు."

"అక్కా, అవి తోకలు కావు. సార్ మీసం. నేను గీశా."

అక్క చెయ్యి తెర మీదే ఆగింది. ఆమె తల తిప్పి బడాయి మొహంలోకి చూసింది. "ఏంటీ?"

ఆ చూపులో నవ్వు లేదు. అక్క పెదవుల మీది రంగు కొంచెం తగ్గినట్టు కూడా ఉంది. బడాయి మొహంలో గీత కదలకుండా అందుకుంది.

"అవునక్కా. మంగలి పని నేర్చుకుంటున్నా. ముందు నక్షత్రాల మీద చెయ్యి తిప్పుకుంటే, తర్వాత మనుషుల మీద భయం ఉండదంట. వచ్చే వారం పక్క గెలాక్సీకి గడ్డం. బేరం కుదిరింది, అడ్వాన్సు కూడా ఇచ్చారు."

అక్క గట్టిగా ఊపిరి వదిలి, బడాయి నెత్తి మీద ఒకటి మొట్టింది. "చంపేశావే. గుండె ఆగినంత పనైంది. పో, పోయి పని చూసుకో."

బడాయి పోయింది. నిజం చెప్పేశాననుకుంది. నమ్మకపోవడం అక్క ఇష్టం అనుకుంది. అనుకున్నది కొంచెం కూడా కడుపులోకి దిగలేదు, ఆ బిస్కెట్టులాగే.

ఆదివారం హాల్లో బట్టలు మడతపెడుతూ, "నాయనమ్మా, ఒక మనిషికి నిజం చెప్తే నమ్మలేదనుకో, ఎవరిది తప్పు?" అని అడిగింది.

"చెప్పిందెవరు?"

"ఎవరో ఒకరు. నేనే అనుకో."

"నువ్వైతే నమ్మనివాళ్ళది తెలివి. ఆ దుప్పటి సరిగ్గా మడువు, మూలలు కలవలేదు."

బడాయి దుప్పటి విప్పి మళ్ళీ మడిచింది. మూలలు కలవలేదు. మళ్ళీ విప్పింది. రేపు పొద్దున్నే సార్ వస్తారు, అక్క సారాంశం పంపుతుంది. ఫోన్ చేసి, అక్కా మొన్న చెప్పింది నిజమే అంటే సరిపోతుంది. ఫోన్ చేతిలోకి తీసుకుంది కూడా. ఆ తర్వాత ఏం జరుగుతుందో ఆమెకి వరసగా కనపడింది. సార్ ఏమీ అనరు. అదే ఆయన పద్ధతి. నీ బల్ల ఖాళీ చెయ్యమ్మా అంటారు, అంతే. ఎక్కడికి విసిరితే అక్కడికి పోవాలి. తన తర్వాత ఎవరో వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటారు, బాబాయ్ వాళ్ళకీ బాబాయే అవుతాడు. అక్క మాత్రం నవ్వడం మానేస్తుంది. బడాయి ఫోన్ పక్కన పెట్టి పిల్లల చొక్కాలు మడిచింది. సార్ చూసే ముందు అక్కకి ఇంకోసారి చెబుదామనుకుంది.

సోమవారం ఆమె మెట్లెక్కేసరికి అక్క ఎదురొచ్చింది. "పంపేశా" అంది. "సార్ వచ్చారు. మనవాళ్ళ ముందు ఒకసారి మాట్లాడి చూపించమన్నారు. నువ్వు ముందు వరసలో కూర్చో, సరేనా. నీ మొహం చూస్తే నాకు ధైర్యంగా ఉంటుంది."

కిటికీకి నల్లగుడ్డ కట్టి గది చీకటి చేశారు. గోడ మీద బొమ్మలు పడుతున్నాయి. అక్క బాగా మాట్లాడింది. మీటరు భయం లేనట్టు మాట్లాడింది. ఒకే గుంపులో పుట్టిన నక్షత్రాలు కలిసి ఉండాలనే చూస్తాయని, కానీ కలిసి ఉండటమే వాటిని విడదీస్తుందని, పక్క నుంచి పోయిన ప్రతిసారీ బరువైనది లోపలికీ తేలికది బయటికీ జరుగుతుందని చెప్పింది. దొంగ నక్షత్రాల లెక్క ఎంత జాగ్రత్తగా చేశారో చెప్పి, అది చేసిన మనిషి వంక చూసి నవ్వింది. ముందు వరసలో ఆ మనిషి తన మోకాళ్ళు లెక్కపెట్టుకుంటోంది. ఎన్నిసార్లు పెట్టినా రెండే వస్తున్నాయి.

అప్పుడు గోడ మీద తోకలు పడ్డాయి.

సార్ ముందుకి వంగారు.

"రెండూ పైకే లేచాయేంటి?"

"సార్?"

"తోకలు. గుండ్రటి మైదానంలో పరుగు పందెం చూశావుగా. లోపలి గీత మీద పరిగెత్తేవాడు ముందుకి పోతాడు, బయటి గీత వాడు వెనకపడతాడు. లోపలి వైపు జారిన నక్షత్రాలు గుంపుకి ముందు పోతాయి, బయటి వైపు జారినవి వెనక వస్తాయి. అంటే ఒక తోక ఇలా వంగితే, రెండోది దానికి ఎదురు వంగాలి. ఇక్కడ రెండూ ఒకే వైపుకి, పైకి లేచాయి. ఇలా ఏ గుంపుకీ లేవవు."

"పక్కన ఇంకేదైనా మబ్బు లాంటిది లాగుతోందేమో సార్" అంది అక్క. ఆమె గొంతు మళ్ళీ గోడ వైపు తిరిగిపోయింది.

"చూద్దాం." సార్ లేచి, దగ్గర నుంచి చూడటానికి గోడ దాకా వెళ్ళి, ఒక చివర పరీక్షగా చూసి, ఏదో చెప్పబోతూ అందరి వైపు తిరిగారు. గోడ మీద బొమ్మలు వేసే యంత్రం వెలుగు ఆయన మొహం మీద పడింది. నెత్తి మీద గోడపై ఒకటి, ముక్కు కింద ఒకటి, రెండూ ఒకే వంపుతో, ఒకే చెదిరిన వెంట్రుకలతో గది మొత్తానికీ ఎదురుగా నిలబడ్డాయి.

వెనక వరసలో బాబాయ్‌కి దగ్గు వచ్చింది. మొదట అది దగ్గే.

"ఏంటి బాబాయ్?" అన్నారు సార్.

"ఏం లేదు సార్. మీ దగ్గర అద్దం ఉందా?"

సార్‌కి అర్థం కాలేదు. ఆయన బాబాయ్ వంక చూశారు, గోడ వంక చూశారు, చెయ్యి అలవాటు ప్రకారం మీసం మీదికి పోయింది, అక్కడే ఆగింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, సరిగ్గా అప్పుడే ముందు వరసలో ఒక చెయ్యి లేచి, ఏ మీసమూ లేని తన పైపెదవిని తడుముకుంది. ఎందుకు తడుముకుందో ఆ చేతికే తెలియాలి.

ఎవరో దీపం వేశారు.

"నేనే సార్" అంది బడాయి. "మీరు ఊరెళ్ళినప్పుడు చల్లాను. పేరు ముందు దొంగ అని రాయలేదు. మీరు తెరుస్తారనుకున్నా."

గదిలో ఎవరూ నవ్వలేదు. బాబాయ్ దగ్గు కూడా ఆగిపోయింది. అక్క గోడ మీది బొమ్మని చూస్తూ నిలబడింది. దీపం వెలుగులో తోకలు దాదాపు కనపడటం లేదు.

సార్ బడాయితో ఏమీ అనలేదు. అక్కని అడిగారు. "సారాంశం పంపావా?"

"పొద్దున్నే పంపాను సార్."

"వెనక్కి తీసుకుంటున్నామని ఇప్పుడే రాయాలి. నీ అసలు పని చెక్కు చెదరలేదు, బరువైనవి లోపలే ఉన్నాయి, అది రాయి. కానీ ఈ తోకలు ఎక్కణ్ణుంచి వచ్చాయో కూడా చెప్పాలి. పొరపాటు ఎవరిదని రాద్దాం?"

అక్క బొమ్మ వైపు నుంచి ఇటు తిరిగింది. "నాదే సార్. తను నాకు చెప్పింది. నాకు కనపడిన రోజే చెప్పింది, ఇవి తోకలు కావు, మీ మీసం, నేను గీశాను అని. ఇవే మాటలు. నేనే నమ్మలేదు. నమ్మకపోయినా సరిచూసుకోవాలి కదా. చూసుకోలేదు."

సార్ బడాయి వైపు తిరిగారు. "చెప్పావా?"

చెప్పాను అంటే చాలు. అది అబద్ధం కాదు. సాక్షి కూడా ఉంది. బడాయి బల్ల బడాయికి ఉంటుంది, అక్క ఉత్తరంలో తప్పు అక్క పేరునే ఉంటుంది, రేపు టీ వేళకి మళ్ళీ ఏదో ఒకటి చెప్పి నవ్వించవచ్చు.

"చెప్పాను సార్" అంది. ఆ తర్వాత కుర్చీలోంచి లేచింది. "అక్క తప్పు లేదు. నేను మొదటి మాట చెప్పగానే అక్క ఏంటీ అని అడిగింది. నమ్మింది సార్. నమ్మినట్టు మొహంలో తెలిసిపోయింది. అది చూసి నాకు భయం వేసింది. అందుకే మంగలి పని అనీ, గెలాక్సీకి గడ్డం అనీ ఎత్తుకున్నా. అక్క నమ్మకూడదనే అలా చెప్పా."

ఇంకా ఏదైనా తగిలిస్తుందేమోనని గదిలో అందరూ ఆమె వంక చూస్తూ ఉన్నారు. ఆమె ఏమీ తగిలించలేదు.